పట్టుచీర మీది మరక

పాతికేళ్లు చీరలు పరిచిన మనిషిని దుకాణం సేఠ్ ఒక్క మరకకు పనిలోంచి తీసేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ దుకాణంలో చెప్పులు విప్పితేనే పరుపెక్కనిస్తారు. తెల్ల దుప్పటి మీద పరిచిన పెళ్లిపట్టు అంచున ఎర్రటి చుక్క కనబడింది.

"పాన్ నమలద్దంటే ఇనవేంది ఆనందం?" అన్నాడు సేఠ్, గిరాకీల ముందే.

ఆనందం పాన్ ముట్టడు. ఆ మాట ఎవరూ నమ్మలేదు.

కూతురు అరుణశ్రీ ముందు సేఠ్‌నే అనుమానించింది. వయసు మళ్లిన సేల్స్‌మన్‌ను వదిలించుకోవడానికి సాకు దొరికిందనుకుంది. తర్వాత ఆమె అనుమానం తండ్రి పాదాల మీదికి మళ్లింది. కొత్తపేట ఇంట్లో, అంత ఎండలో కూడా ఆయన మేజోళ్లు విప్పడం లేదు.

ఎల్బీనగర్‌లో ఆమెది మెడికల్ కోడింగ్ ఉద్యోగం. అమెరికా డాక్టర్లు రాసిన రోగాలకు బీమా బిల్లుల కోసం కోడ్‌లు వేయాలి. కొన్నాళ్లుగా ఆమెకు వచ్చేవన్నీ షుగర్ రోగుల పాదాల పుండ్లే. ఏ కాలు, పుండు ఎక్కడ, చర్మం దాకానా ఎముక దాకానా, ఒక్కోదానికి ఒక్కో కోడ్. డాక్టర్ రాయనిది ఊహించి వేస్తే తప్పు. ఆ అలవాటు ఇంట్లోనూ ఆమె నోరు కట్టేసింది. తండ్రికి షుగర్ ఉందని తెలుసు, ఆ ఎర్రచుక్క సంగతీ తెలుసు. అయినా కంటితో చూడనిదాన్ని రోగం అనలేక వారం గడిపింది.

చివరికి అడిగింది. "నాయినా, కాలు జర సూపియ్యి."

"నొప్పే లేదు బిడ్డా. నీ కంప్యూటర్ల కాళ్లు సూస్కో పో."

నొప్పి లేదన్నందుకే ఆమెకు భయం పట్టుకుంది. పాదం మొద్దుబారితే ఏమీ తెలియదని ఆమె రోజూ చదువుతూనే ఉంది.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా మేజోడు లాగింది. అంటుకుపోయి, కష్టంగా ఊడింది. బొటనవేలి కింద పుండులో, చీరలకు గుచ్చే గుండుసూది తల మెరిసింది. గోళ్లతో పట్టి లాగేసింది. చీర మీద పడింది పాన్ కాదు, ఈ పుండు నెత్తురు. ఆయన నిద్ర లేవలేదు.

చీము ఎముకకు చేరిందని, వేలు తీసేయాలని దవాఖానలో డాక్టర్ రాశాడు. అది చదువుతుంటే కోడ్ దానంతటదే ఆమె తలలో మెదిలింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

సూదిని తండ్రికి చూపించి, సాక్ష్యంగా దూదిలో చుట్టి దాచింది. అయినా అది మా దుకాణానిది కాదని సేఠ్ అంటాడేమోనని ఆమెకు అనుమానం.

ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆనందం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వేలు పోతే పోనీ బిడ్డా. గా సూది సేఠ్‌కు సూపియ్యి. నేను పాన్ తినలేదని గిరాకీల ముందే జెప్పుమను."