దొర మౌనంలో ఉన్నాడనుకున్నాం

ఆ రోజు పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుంటే దొర చెయ్యి వణికింది. చాయ్ ఒలికి చొక్కా తడిసింది. నేను ఆయన వంటవాణ్ణి, పేరు ఖాజా. "చలిజ్వరమే ఖాజా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. మాది చెరువు పక్క ఊరు, చలిజ్వరం మాకు కొత్త కాదు. నేనూ ఊరుకున్నాను.

దొర పుట్టింది క్వేకర్లనే ఒక తెగ క్రైస్తవుల ఇంట్లో. వాళ్ళ ప్రార్థనలో పాటలుండవు, పాదిరి ఉండడు. లోపలినుంచి మాట పుట్టేదాకా అందరూ మౌనంగా కూర్చుంటారట. ఇంగ్లండులో సబ్బుల కార్ఖానా నడిపి, అది అమ్మేసి, పరిశుద్ధంగా బతకండని చెప్పడానికి మా ఇబ్రహీంపట్నం వచ్చాడు. ఊరూరా గొంతు చించుకుని బోధించేవాడు గాని, పొద్దుటి మౌనం మాత్రం వదల్లేదు. తాను నోరు తెరిచేదాకా ఎవరూ పలకరించకూడదు. అది ఆ ఇంటి కట్టడి.

మూడో రోజు జ్వరంతోనే అరుగు మీద పడక కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళు సగం మూతపడ్డాయి. బోధ వినవచ్చిన రైతులు చుట్టూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఎండ ఆయన పాదాల మీదికి, తర్వాత మోకాళ్ళ మీదికి వచ్చింది. ఆయన కదల్లేదు.

"ఇయ్యాల ఆత్మ గట్టిగనే దిగింది" అని వాళ్ళలో మల్లారెడ్డి గుసగుసలాడాడు. నేనూ అదే నమ్మాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

నా భార్య హలీమా గడపలోంచి చూసింది. "పెదవి మీద ఈగ వాలింది, తోలుకుంటలేడు. గిదేం ప్రార్థన?" అంటూ వచ్చి భుజం పట్టి కుదిపింది. ఆయన తల పక్కకు వాలిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

సర్కారు బస్సులో పడుకోబెట్టి హైదరాబాదు దవాఖానకు తీసుకెళ్ళాం. దారి పొడవునా ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూనే ఉన్నాను. బ్లడ్ టెస్ట్ చేశారు.

"సెరెబ్రల్ మలేరియా, మెదడుకెక్కింది" అన్నాడు డాక్టర్. "ఎప్పటిసంది గిట్లున్నడు?"

"పొద్దుగాలసంది, సాబ్."

"మరి గింతసేపు ఏం చేసిన్రు?"

చుట్టూ కూర్చుని చూశామని ఎట్లా చెప్పను?

క్వినైన్ ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాడు ఫిట్స్ వచ్చాయి. "ఇయ్యాల గడిస్తే చూద్దాం" అన్నాడు డాక్టర్. ఈయన్ని నేనే చంపుకున్నానని మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. రెండు రోజుల తర్వాత ఆయన కళ్ళు తెరిచి "చాయ్" అన్నాడు. మందు వేడికి చెవులు హోరెత్తి కొన్నాళ్ళు మా మాటలు వినబడలేదు. తర్వాత అదీ తగ్గింది.

ఇప్పుడు కర్ర ఊతంతో నడుస్తున్నాడు. బోధలు తగ్గాయి, మౌనం మానలేదు. నాకు ఆ మౌనమంటే ఇప్పటికీ గుండె దడే. పొయ్యి మీద గిన్నె వదిలేసి వచ్చి "దొరా" అని పిలుస్తాను. ఆయన కళ్ళు తెరవకుండానే వేలెత్తుతాడు. అప్పుడుగాని వంటింట్లోకి వెళ్ళను.

మీ ఇంట్లో జ్వరమున్న మనిషి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, ఎంత పెద్దవాడైనా సరే, పేరు పెట్టి పిలవండి. పలకకపోతే కుదపండి. చెడిన ప్రార్థన మళ్ళీ చేసుకోవచ్చు.