గొంగడి మీద పడ్డ వెలుగు

2012 జూన్ రెండో వారం. ఉదయం పది గంటల నలభై నిమిషాలు. గగన్‌పహాడ్ దాటి హైవే వదిలాక కిలోమీటరున్నర మట్టిరోడ్డు. ఆర్మీ ట్రక్కు దిగినవాళ్లం ఆరుగురం: హవల్దార్, వైర్‌లెస్ ఆపరేటర్, డ్రైవర్, ఇద్దరు సెంట్రీలు, నేను. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఉన్నందుకు పరికరాల బాధ్యత నాది. అక్కడ ముందే ఉన్నవి: రెండు రేకుల షెడ్లు, వాటి నిండా జనరేటర్లు, కేబుల్ చుట్టలు, మడిచిన గుడారాలు. ఒక నీళ్ల ట్యాంకు. ముళ్ల కంచె. కంచె వెనక పాడుబడ్డ రాతి క్వారీ, సగం నీళ్లు.

ఆ షెడ్లకు ఐదు నెలలు కాపలా. అదీ మా డ్యూటీ. సరిహద్దు కాదు, శత్రువు లేడు. మా ఊరు బడంగ్‌పేట్ అక్కడికి గంట ప్రయాణం. ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు మా నెత్తి మీదుగా పోయేవి. అవి పోతున్నంతసేపు పక్కనున్నవాడి మాట కూడా వినపడేది కాదు.

సాయంత్రం ఆరుకు పాలు పోయడానికి పక్క ఊరి రైతు మల్లయ్య వచ్చేవాడు. యాభై దాటిన మనిషి. క్వారీ అంచు చుట్టూ తిరిగి నడిచి వచ్చేవాడు. భుజం మీద నల్ల గొంగడి, చేతిలో క్యాను. వానలు మొదలయ్యాక హవల్దార్ ఆయనకు ఒక పాత రేన్‌కోటు ఇవ్వబోయాడు. వీపు మీద వెండిరంగు పట్టీ ఉన్నది. మల్లయ్య తీసుకోలేదు. గొంగడి కప్పుకుంటే చుక్క దిగదనీ, దాని ముందు ఈ ప్లాస్టిక్ ఎంతనీ అన్నాడు.

జులై మొదట్లో రెండు టార్చిలు వచ్చాయి. రెండూ ఎల్‌ఈడీవే. ఒకటి ఎంచుకుని రెండోది వెనక్కి పంపాలి. మొదటిది తొమ్మిది వందల లుమెన్లు, రెండోది మూడు వందల ఎనభై. హవల్దార్‌ది శ్రీకాకుళం. ఆయన మొదటిదే చేతిలోకి తీసుకున్నాడు. నేను వద్దన్నాను.

ఎందుకో చెప్పాలి, ఎందుకంటే నా ఎంపిక తప్పు కాదు. లుమెన్లు అంటే టార్చి బయటికి పోసే మొత్తం వెలుగు. అది వెడల్పుగా పరుచుకుంటే కాళ్ల ముందు పట్టపగలులా ఉంటుంది, వంద మీటర్ల అవతల ఏమీ ఉండదు. దూరం కావాలంటే కాండెలా చూడాలి. వెలుగు ఒక్క దిక్కున ఎంత గట్టిగా పడుతుందో చెప్పే అంకె అది. మొదటిదానికి తొమ్మిది వేలు, రెండోదానికి ఇరవై ఐదు వేల ఆరు వందలు. రెండోదాని అద్దం లోతుగా ఉంది, వెలుగు సన్నగా, కడ్డీలా పోతుంది. పెట్టె మీద రాసిన దూరం మూడు వందల ఇరవై మీటర్లు.

ఇదంతా కాగితం మీద గీసి చూపించాను. హవల్దార్ విని, "సరే ఇంజనీరుగారూ, మీ కడ్డీయే ఉంచుదాం," అన్నాడు.

పెట్టె మీది దూరాన్ని నమ్మకూడదని కూడా నాకు తెలుసు. ఆ మూడు వందల ఇరవై దగ్గర పడేది పున్నమి వెన్నెలంత వెలుగే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. అందుకే ఆ రాత్రి స్వయంగా కొలిచాను. ఒక సెంట్రీని మట్టిరోడ్డు మీద వెనక్కి నడవమన్నాను, కనపడకుండా పోయేదాకా. అతను డ్యూటీ దుస్తుల్లో ఉన్నాడు. వాటి మీద డ్యూటీ జాకెట్, ఛాతీకి అడ్డంగా, లైటు పడితే మెరిసే రెండు వెండిరంగు పట్టీలు. రెండు వందల ఎనభై మీటర్ల దాకా స్పష్టంగా మెరిశాడు.

ప్రతి సెంట్రీ పోస్టులో ఒక రేంజ్ కార్డు ఉంటుంది. అక్కడి నుంచి కనిపించే ప్రతి గుర్తూ ఎన్ని మీటర్లో రాసిన అట్ట. డ్యూటీ ఎక్కినవాడు దాన్ని ప్రశ్నించడు, నమ్ముతాడు. ఆ కార్డులో అడుగున నేను ఒక వరుస చేర్చాను: టార్చి, మనిషి, 280. క్వారీ అవతలి అంచులో అన్నిటికన్నా దూరపు చోటు నూట తొంభై మీటర్లు. అంటే క్వారీ మొత్తం మా వెలుగు కింద ఉన్నట్టే.

మర్నాడు సాయంత్రం నేను టార్చి తుడుస్తుంటే మల్లయ్య చూశాడు. "ఏంది బిడ్డా, గా టార్చితోని విమానం దించుతవా?" అన్నాడు. దించుతా కాకా, నువ్వు దిగే విమానమైతే చెప్పు అన్నాను. ఆయన క్యాను ఊపుకుంటూ నవ్వుతూ పోయాడు.

జులై చివర. మూడు రోజుల ముసురు. ఆ రోజు మల్లయ్య పాలు పోసి ఆరు నలభైకి బయలుదేరాడు. ఏడున్నరకు ఆయన తమ్ముడు తడిసి ముద్దై గేటు దగ్గరికి వచ్చాడు. అన్న ఇల్లు చేరలేదు. ఊరివైపు నుంచి అన్నను వెతుక్కుంటూ హైవే మీదుగా చుట్టూ తిరిగి వచ్చాడట.

హవల్దార్ నన్ను క్వారీ వైపున్న రెండో పోస్టుకు పంపాడు. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి వెలుగు తిప్పాను. తమ్ముడు నా పక్కనే నిలబడి అన్నను పేరుపెట్టి పిలిచాడు. రేకుల మీద వాన, పైన విమానం.

వైర్‌లెస్‌లో హవల్దార్ గొంతు: "పోస్ట్ రెండు, ఏం కనిపిస్తోంది?"

"రాళ్లు. నీళ్లు. మనిషి లేడు."

తమ్ముడు నా మోచేయి పట్టుకున్నాడు. "సారూ, గా దిక్కు నడిచిపోయి సూద్దమా జర?"

అవతలి అంచుకు ఇరవై నిమిషాల నడక, బురద. నేను కార్డు చూశాను.

"అవసరం లేదన్నా," అన్నాను. "మనిషుంటే గీ లైట్ల కనవడతడు."

ఆయన నా మాట నమ్మాడు. హవల్దార్ కూడా నమ్మాడు. వానకు హైవే దారి పట్టి అక్కడి వాగులో పడ్డాడేమోనని అందరినీ అటు పంపాడు. పదకొండు దాకా వాగు వెంట వెతికాం.

తెల్లవారి ఐదు యాభైకి వాన ఆగింది. పోస్టులో సెంట్రీకి క్వారీ అవతలి గోడలో, అంచుకు ఇద్దరు మనుషుల లోతున, ఒక రాతి మెట్టు మీద నల్లటి ముద్ద కనిపించింది. తాళ్లతో దిగాం. తొడ ఎముక విరిగి ఉంది. ఒళ్లంతా మంచులా చల్లబడింది. గొంగడి నీళ్లు పీల్చి రాయిలా బరువెక్కింది. స్పృహ ఉంది. నన్ను గుర్తుపట్టాడు.

"లైటు నా మీదికెంచే పోయింది బిడ్డా," అన్నాడు. "రొండుసార్లు. చెయ్యి గూడ లేపిన."

గొంగడి కిందే లేపాడు.

ఏడు ఐదుకు ట్రక్కు ఆసుపత్రికి బయలుదేరింది. ఆరాంఘర్ కూడలి దగ్గర బండ్లు ఆగిపోయాయి. డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. తమ్ముడు అన్న పాదాలు రుద్దుతూనే ఉన్నాడు. కూడలి దాటేటప్పటికి రుద్దడం ఆపాడు.

విచారణ జరిగింది. నేను ఏమీ దాచలేదు. కార్డు ప్రకారం విధి నిర్వహించారని రాశారు. ఆ కార్డు రాసింది నేనే అన్నాను. అది కూడా రాసుకున్నారు.

మల్లయ్య పోయిన పదిహేను రోజులకు వాళ్లింటికి వెళ్లి, గొంగడి ఒక్క పూటకు ఇమ్మని తమ్ముణ్ణి అడిగాను. ఎందుకన్నాడు. దూరం కొలవాలె అన్నాను. లోపలికి వెళ్లి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"కొలువు," అన్నాడు. "ఇగ కొలిచి ఏం జేస్తవ్."

నవంబరులో డ్యూటీ ముగిసింది. మరుసటి ఏడు సైన్యం నుంచే బయటికి వచ్చేశాను. బడంగ్‌పేట్‌లో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. కొత్త కాలనీల వాచ్‌మెన్లు ఏ టార్చి మంచిదని అడుగుతారు. లుమెన్లు కాదు, కాండెలా చూడమంటాను. పెట్టె మీది దూరంలో సగం కూడా నమ్మవద్దంటాను. మీరు వెతకబోయే మనిషి ఏం కట్టుకుంటాడో అది కట్టించి కొలవమంటాను. ఎందుకో చెప్పను.

ఇప్పటికీ నాకు కనిపించేది మల్లయ్య ముఖం కాదు. గొంగడితో నేను కొలిచిన రాత్రి. వాన లేదు. అదే టార్చి, నిండుగా చార్జి చేసిన బ్యాటరీ. మట్టిరోడ్డు మీద మనిషంత రాయి, దాని మీద గొంగడి. వెలుగు దాని మీదే పెట్టి ఒక్కో అడుగు వెనక్కి వేశాను. పక్కనున్న గడ్డిపరక మెరుస్తూనే ఉంది. రాయి ఉన్నచోట మాత్రం చీకటి. ఆగి టేపు పరిచాను. మల్లయ్య పడి ఉన్నది నూట అరవై ఎనిమిది మీటర్ల దూరంలో.

గొంగడి కనిపించకుండా పోయింది అరవై రెండు మీటర్ల దగ్గర.