బల్ల కాలి కింది పుస్తకం

మా మేనమామ తోటల శాఖలో చెట్లు కొలిచేవాడు. రోడ్ల పక్కనున్న చెట్లు వెయ్యీ నూట నలభై. ఏటా ఒక్కోదాని మొదలు చుట్టూ టేపు తిప్పి, చుట్టుకొలత రాసుకుని, పుచ్చు పట్టిందా, కొమ్మ విరిగేలా ఉందా అని చూసి రావడం ఆయన పని. ముప్పై ఏళ్లలో ఒక్క చెట్టూ వదల్లేదని ఆయనకు కాస్త గర్వం. నేను అదే ఆఫీసులో కంప్యూటర్ గుమాస్తాని. నా గర్వం ఆయనకంటే ఎక్కువ, ఆధారం మాత్రం తక్కువ.

అరచేతిలో పట్టే కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మామయ్యకు ఆఫీసు మొదట ఇచ్చినదానికి బూడిదరంగు తెర, రాయడానికి ప్లాస్టిక్ పుల్ల, వెనక రెండు సన్నని సెల్లు. ఆ సెల్లు రెండు నెలలు వచ్చేవి. ఒక పని వదిలి ఇంకో పనిలోకి వెళితే మొదటిది దానంతటదే మూసుకునేది. కాగితం రిజిస్టర్లు ఎత్తేశారు కాబట్టి ఐదేళ్ల కొలతలూ అందులోనే ఉండేవి.

తర్వాత రంగుల తెరది వచ్చింది. బల్ల మీది కంప్యూటర్‌ని కుదించి జేబులో పెట్టినట్టుండేది. దాన్ని చూసి నేను మురిసిపోయాను. మామయ్య మాత్రం తిప్పి తిప్పి చూశాడు.

"ఒరే అల్లుడూ, దీన్ని లోపల నడిపించేది వేరంటున్నావు. మరి దీని అలవాట్లు కూడా వేరుగా ఉంటాయేమో. కాస్త చూసి చెప్పు."

"ఆపరేటింగ్ సిస్టం ఏదైతేనేం మావయ్యా. బండి రంగు మారింది, అంతే."

ఈ మాటన్నది కొత్తదాని వాడకం గురించి నాకిచ్చిన రెండు రోజుల శిక్షణలో రెండో రోజు మధ్యాహ్నమంతా కునికిపాట్లు పడ్డ మహానుభావుడు. కొత్తదాంతోపాటు వచ్చిన లావుపాటి పుస్తకం నాకు భలే పనికొచ్చింది. నా బల్లకు ఒక కాలు పొట్టి, దాని కింద పెట్టాను.

పాతదానిలో రాసింది కొత్తదానికి అర్థం కాలేదు. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. మామయ్యే రోజూ గంట ముందు ఆఫీసుకొచ్చి, పాతది ఎడమచేతి పక్కన పెట్టుకుని, ఏడు వారాలు కూర్చుని ప్రతి చెట్టునీ కొత్తదానిలోకి ఎక్కించాడు. అయిపోయాక నేను పాతదాన్ని తుడిచేసి స్టోరుకి పంపించేశాను. కొత్తదానిలో మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే పని మూసుకోదు, వెనక్కి వెళ్లి దాక్కుంటుంది. అలా పది పనులు పోగుపడి అది నత్తనడక నడుస్తుంటే, "మావయ్య పుల్ల గట్టిగా నొక్కుతాడు" అని అందరితో చెప్పి నవ్వించాను.

ఆయన కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టాడు. వెళ్లేముందు దాన్ని ఏం చేయాలని అడిగాడు.

"ఆపేసి సొరుగులో పెట్టేయ్ మావయ్యా. పాతదానిలాగే పడి ఉంటుంది."

పదహారు రోజుల తర్వాత వచ్చి తీస్తే తెర నల్లగా ఉంది. ఛార్జింగ్ పెట్టాక వెలిగింది, కొత్తగా కొన్న రోజున పలకరించినట్టే స్వాగతం పలికింది. లోపల ఒక్క చెట్టూ లేదు.

పై అధికారి మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. ఎలా జరిగిందని నన్నే అడిగారు. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

"ఏదో నొక్కి ఉంటారు సార్."

మామయ్య తన వేళ్ల వైపు చూసుకున్నాడు. "అంతే అయ్యుంటుంది," అన్నాడు.

క్షమాపణ ఉత్తరం టైపు చేసింది కూడా నేనే. ఆయన "నా పొరపాటు వల్ల" అని చెప్పాడు. ఆఫీసు భాషలో బాగుంటుందని "నా అజాగ్రత్త వల్ల" అని మార్చాను. ఆయన చదివి సంతకం పెట్టాడు. రిటైరవడానికి ఐదు నెలలుంటే, ఆ ఐదు నెలల్లో ఎండనకా వాననకా తిరిగి చెట్లన్నీ మళ్లీ కొలిచాడు. పాత ఐదేళ్ల కొలతలు మాత్రం ఎవరు తిరిగి తేగలరు?

ఆయన రిటైరయ్యాక నాకు కొత్త బల్ల వచ్చింది. కాలి కింది పుస్తకం బయటపడితే ఊరికే తెరిచాను. నలభై ఒకటో పేజీలో ఉంది. ఈ సిస్టంకి మెమరీ ఎక్కువ కావాలి, ఆపి ఉంచినా ఆ మెమరీ ఛార్జింగ్ తింటూనే ఉంటుంది, వారం పది రోజులు పట్టించుకోకపోతే రాసిందంతా పోతుంది.

ఆ పుస్తకం పట్టుకుని మామయ్య ఇంటికి వెళ్లడానికి నాకు ఏడాది పట్టింది. మధ్యలో పదిసార్లు ఉత్త చేతులతో వెళ్లి భోంచేసి వచ్చాను. ఆ ఇంట్లో ఫోను నంబరు అత్తయ్యే నొక్కి ఆయన చేతికిచ్చేది. టీవీ ఛానల్ మార్చేదీ ఆవిడే. "మీ మావయ్య వేళ్లు మంచివి కావుట," అని ఆవిడ నవ్వితే నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మొహం చూసుకోబుద్ధి కాదు.

చివరికి ఒక సాయంత్రం పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. మామయ్య కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"అయితే నేనేం నొక్కలేదన్నమాట."

"లేదు మావయ్యా. నాకు తెలియక చెప్పాను. తెలిశాక కూడా చెప్పలేదు."

ఆయన పుస్తకం మూసి, బల్ల కాలు పడ్డ గుంటని బొటనవేలితో తడిమాడు.

"ఆ ఉత్తరం ఇంకా ఫైల్లోనే ఉందా?"

"ఉంది. దాన్నెవరు చదువుతారు మావయ్యా."

"నేను చదివాను కదరా," అన్నాడు.