కుట్టేసిన జేబులు

ఇప్పుడా ఇంట్లో పొద్దున్నే వేన్నీళ్లు కాగడం లేదు. ఇదివరకు తెల్లారగానే ఆమె మొదటి పని అదే. నీళ్లు కాచి, చన్నీళ్లు కలిపి, మణికట్టుదాకా చెయ్యి ముంచి చూసి, "ఇక పోసుకోండి" అనేది. ఆ మాట వినబడితేగాని ఆయన చెంబు ముట్టేవాడు కాదు. పసిపిల్లకు చూసినట్టు మొగుడికి నీళ్లు చూడటమేమిటని కొత్తలో ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. ఆయన వేళ్ల చివర్లకు వేడీ చలీ తెలిసేది కాదని వాళ్లకు తెలియదు. సలసల కాగే నీళ్లలో వేలు పెట్టి, "బాగానే ఉన్నాయే" అనగల మనిషి ఆయన.

ఆయనది చలిగదిలో ఉద్యోగం. పెద్ద చదువుల వాళ్లు పరిశోధనలు చేసే చోట గొట్టాలు బిగించడానికి రెండు రోజుల పనికని వెళ్లినవాడు అక్కడే ఉండిపోయాడు. వీధిలో పిల్లలు ఆయన్ని మంచు మావయ్య అని పిలిచేవారు. ఆ గదిలో నడుమెత్తు పీపా ఒకటి ఉంటుంది. దాన్నిండా నైట్రోజన్ అనే గాలిని నీళ్లలాంటి ద్రవంగా మార్చి పోస్తారు. ఎంత చల్లనిదంటే, తాకితే నిప్పులాగే కాలుస్తుంది. మీద పడితే జారిపోవాలిగాని ఎక్కడా నిలవకూడదు. అందుకే చొక్కా జేబులో, మడిచిన పంట్లాం అంచులో అది చేరే వీలుండకూడదు. కొత్త చొక్కా ఇంటికొస్తే ఆమె చేసే మొదటి పని, సూది తీసుకుని జేబుల నోళ్లు కుట్టేయడం. "జేబుల్లేని మొగుణ్ణి చేసుకున్నావు, జీతం ఎక్కడ దాస్తాడు?" అని ఆడపడుచు వేళాకోళమాడేది.

ఆ పీపాలోకి ఆయన రాగి కడ్డీ ఒకటి దించేవాడు. కడ్డీ చివర పెసరగింజంత నల్లరాయి. రాయి కాదు, కొలిమిలో పెంచిన స్ఫటికం. దానికి వెంట్రుకల్లాంటి తీగలు అతికించి, కరెంటు ఎంత తేలిగ్గా పోతోందో చూసేవారు. ఒకసారి ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే ఆయన పక్కన చేరి చెప్పాడు.

"అదే రాయి, అవే తీగలు. వెచ్చగా ఉన్నంతసేపూ కరెంటు గలగలా పారుతుంది. చల్లబడుతూ చల్లబడుతూ ఒకచోట ఠక్కున ఆగిపోతుంది."

"తీగ తెగిందేమో చూసుకున్నారా?"

"తెగితే మళ్లీ ఎలా వస్తుందే? లోపల ఎలక్ట్రాన్లని ఉంటాయి. రాగితీగలో అయితే సంతలో జనంలాగా ఎవరి దారిన వాళ్లు పోతుంటారు. ఇందులో అలా కుదరదు. ఒకటి కదలాలంటే పక్కదాన్ని చూసుకోవాలి. చల్లబడేసరికి ఎవరి గదిలో వాళ్లు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారే, అది. దారి ఉంటుంది, నడిచేవాళ్లూ ఉంటారు. పక్కవాడి గదిలో కాలు పెట్టే వీల్లేదు, అంతే."

"అయితే మీ అమ్మా నేనూ ఒక వంటింట్లో ఉన్నప్పటి సంగతన్నమాట."

"అప్పుడు ఆగింది కరెంటు కాదు, నా అన్నం."

చలికాలం ముగుస్తుండగా ఒక సాయంత్రం ఆయన పని దిగి, బస్సు కోసం బల్ల మీద కూర్చున్నాడు. బస్సు వచ్చింది, వెళ్లింది. ఆయన లేవలేదు. గుండె అన్నారు.

పదిమందీ వచ్చి వెళ్లాక ఆడపడుచు ఉండిపోయింది. ఒకరోజు అలమర తీసి చొక్కాలన్నీ మంచం మీద పరిచింది.

"ఇవన్నీ ఇక్కడ మగ్గబెట్టి ఏం చేస్తావు? మా ఇంట్లో మీ అన్నయ్యకు సరిపోతాయి. కాకపోతే ఆయనకు జేబు లేకపోతే కళ్లజోడు ఎక్కడ పెట్టాడో తెలీదు, ఇల్లంతా వెతికిస్తాడు. కుట్లు విప్పెయ్యి."

"అలాగే వదినా" అంది ఆమె. రోజూ మధ్యాహ్నం బ్లేడు పట్టుకుని కూర్చుని ఒక్కో చొక్కా జేబు విప్పసాగింది. తన కుట్టు ఎంత గట్టిదో ఆమెకు అప్పుడే తెలిసింది.

అలా విప్పుతుండగానే కూతురు వచ్చి చెప్పింది. "అమ్మా, చలిగదిలో నాన్న పనికి నన్ను రమ్మంటున్నారు. ముందు ఒకసారి చేయించి చూస్తారట."

ఆమె తలెత్తలేదు. "నాన్న వేళ్లు చూశావుగా. నీవి కూడా ఇచ్చేస్తావా దానికి?"

"ఒక చొక్కా అన్నా ఉంచమ్మా. లోపలికి వెళ్లాలంటే కుట్టిన జేబులే ఉండాలి."

"అత్తయ్య అడిగింది" అని ఆమె ఇంకో కుట్టు తెంపింది. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేని పిల్ల, మూత పెట్టిన గిన్నెను పదిసార్లు తెరిచి చూసే పిల్ల, చలిగదిలో ఏం చేస్తుంది? ఆ మాట పైకి అనలేదు. అనకపోయినా కూతురికి వినబడే ఉంటుంది. మర్నాడు పొద్దున్న, చలిగదిలోనే అరువు చొక్కా దొరుకుతుందిలే అని ఒక్కతే వెళ్లిపోయింది.

ఆయన వస్తువులు తీసుకెళ్లమని కబురొచ్చి ఉండటంతో ఆమె కూడా మధ్యాహ్నం బయల్దేరింది. ఒక టీ కప్పు, చెప్పుల జత, చిన్న దువ్వెన. అంతే. గదిని నడిపే పెద్దావిడ స్టూలు లాగి కూర్చోమంది.

కూతురు పీపా దగ్గర నిలబడి ఉంది. చేతులకు మోచేతుల దాకా దళసరి గ్లవ్స్. కడ్డీ అప్పటికే లోపలికి దిగింది. పీపా మూతి దగ్గర తెల్లటి పొగ నేలకు జారుతోంది.

"అది మీ ఆయన పెంచిన ఆఖరి స్ఫటికం" అంది పెద్దావిడ. "గబగబా పైకి లాగితే పగిలిపోతుంది. తీగలు కూడా మీ అమ్మాయే అతికించింది. పట్టకారుతో."

"ఆయన చేత్తోనే అతికించేవారు కదండీ."

"చేత్తోనే. కడ్డీ చల్లగా ఉండగానే గ్లవ్స్ తీసి పారేసేవాడు. వేడెక్కేదాకా ఆగమంటే ఆగేవాడు కాదు. ఎన్నిసార్లు కేకలేశానో."

"పని అలాంటిది అని చెప్పారు నాకు."

"పని అలాంటిది కాదమ్మా. మనిషి అలాంటివాడు."

ఆమె ఒడిలో కప్పును అటూ ఇటూ తిప్పింది. అన్నేళ్లు బకెట్లో ముంచిన తన చెయ్యి గుర్తొచ్చింది. ఇంట్లో శాంతమూర్తి. ఇక్కడ తొందరపాటు. చచ్చి బతికిపోయాడు, లేకపోతే ఈ రాత్రికి ఇంట్లో నాలుగు మాటలు పడేవాడు.

కూతురు చక్రం తిప్పి కడ్డీని వెంట్రుకవాసి పైకి లేపింది. గోడనున్న తెర మీద రెండు అంకెలు. ఒకటి రాయి ఎంత వెచ్చబడిందో చెబుతుంది, రెండోది కరెంటును ఎంత అడ్డుకుంటోందో.

"దించేటప్పుడు కరెంటు ఇక్కడే ఆగిపోయిందమ్మా" అని కూతురు మొదటి అంకె చూపించింది.

వెచ్చదనం ఆ అంకె దగ్గరికి వచ్చింది. దాటింది. రెండోది కదలలేదు.

"పాడైందా?" అంది తల్లి.

"లేదు. పోయిన చోటే తిరిగి రాదు. ఇంకా వెచ్చబడాలి."

"ఎంత?"

"వచ్చేదాకా."

కూతురి చెయ్యి చక్రం మీదికి వెళ్లింది. తల్లి ఆ చెయ్యినే చూస్తోంది. ఆ పిల్ల సంగతి ఆమెకు తెలుసు, మూత తీసే చెయ్యి అది. చెయ్యి చక్రం మీద కాసేపు ఉండి, తిప్పకుండానే వెనక్కి వచ్చింది. గ్లవ్స్ తియ్యలేదు. ముక్కు దురద పెడితే భుజానికేసి రాసుకుంది. పొగ జారుతూనే ఉంది.

చాలాసేపటికి రెండో అంకె ఒక్కసారిగా పడిపోయింది, పైనుంచి ఎవరో చెయ్యి వదిలేసినట్టు. కరెంటు పారుతోంది. రాయి పగల్లేదు.

"వచ్చింది" అంది కూతురు, మామూలుగానే.

పెద్దావిడ తలూపి, సోమవారం నుంచి రమ్మంది. కూతురు తల్లి ముఖంలోకి చూసింది. తల్లి చెప్పుల జత సంచిలో సర్దుకుంటోంది.

ఇద్దరూ ఇంటికొచ్చేసరికి, విప్పిన చొక్కాలన్నీ ఆడపడుచు మడతపెట్టి దుప్పట్లో పేర్చింది. మంచం మీద ఒక్కటే మిగిలింది, ముదురు నీలంది, కాలరు దగ్గర వెలిసినది. పక్కన బ్లేడు.

"ఇదొక్కటీ విప్పి ఇస్తే మూట ముడేస్తా" అంది ఆడపడుచు.

ఆమె చొక్కా తీసుకుని, జేబు మీది కుట్టును గోటితో లాగి చూసింది. ఒక్క పోగూ కదల్లేదు. కూతురి భుజానికి ఆనించి చూసి, చేతులు పొడుగయ్యాయి, కత్తిరించి కుట్టాలి అనుకుంది. బ్లేడును కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టేసింది.

"ముడేసెయ్యి వదినా. అన్నయ్యకు అవి చాలు."