గంగాధరరావు పోగొట్టిన మొహాలు

రాజోలులో ఫొటోల గంగాధరరావంటే తెలియనివాళ్ళుండేవారు కాదు. ఇంటి ముందుగదే స్టూడియో, వెనక కాపురం. గల్ఫుకెళ్ళేవాళ్ళ పాస్‌పోర్టు ఫొటోలు మొదలుకొని పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు దాకా అన్నీ ఆయనే తీసేవాడు. నెమ్మదైన మనిషి, పెద్దగా మాట్లాడడు. కానీ ఒకళ్ళచేత చెప్పించుకోవడమంటే మాత్రం గిట్టదు. కెమెరా బాగుచేసుకోవడం, స్కానరు వాడడం, కంప్యూటరు విప్పి బిగించడం, అన్నీ తనంతట తానే పాడుచేసి, మళ్ళీ చేసి నేర్చుకున్నాడు.

తొంభై అయిదులో అంతర్వేది దగ్గర పల్లెపాలెంలో సముద్రంలో చేపల వేటకెళ్ళేవాళ్ళకి సంఘం కార్డులిస్తామంటే, గంగాధరరావు ఓ తెల్ల దుప్పటి, రెండు వెదురుగడలు పట్టుకుని వెళ్ళేడు. మూడు రోజులు అక్కడే ఉండి, ఒక్కొక్కళ్ళనీ దుప్పటి ముందు నిలబెట్టి ఫొటోలు తీసేడు. చాలామందికి అదే మొదటి ఫొటో. మరుసటేడు నవంబరులో తుఫాను వచ్చింది. ఆయన ఫొటో తీసినవాళ్ళలో ముప్ఫై ఒక్కమంది తిరిగి రాలేదు. శవాలు కూడా దొరకలేదు. నష్టపరిహారం కాగితాలకి ఆఫీసులో ఫొటో కావాలన్నారు. ఇళ్ళే కొట్టుకుపోయినచోట ఫొటోలెక్కడివి? ఆడవాళ్ళు రాజోలొచ్చి స్టూడియో మెట్లమీద కూర్చున్నారు. గంగాధరరావు నెగెటివులు వెతికి ప్రింట్లు తీసి అందరికీ ఇచ్చేడు.

అప్పట్నించీ వాళ్ళు వస్తూనే ఉండేవారు. సముద్రపు గాలికి గోడమీద ఫొటో మూడేళ్ళు నిలవదు. ఉప్పుచెమ్మ పట్టి మొహం తెల్లబోగానే ఎవరో ఒకరు బస్సెక్కి వచ్చి, "బాబుగారూ, మాయాన్ని మళ్ళీ ఒకసారి తియ్యండి" అనేవారు.

రెండువేల నాలుగొచ్చేసరికి నెగెటివులకీ రోగం పట్టింది. పెట్టె మూత తీస్తే పుల్లటి కంపు. ఫిల్ము మీద బూజు. గంగాధరరావు కంగారుపడి అన్నిటినీ స్కాన్ చెయ్యడం మొదలెట్టేడు. ముందుగా పల్లెపాలెం వాళ్ళ ముప్ఫై ఒక్క మొహాలూ, తరవాతే ఊళ్ళో పెళ్ళిళ్ళూ. సీడీల మీద రాస్తే ఏడాది తిరక్కుండానే పొరలూడిపోయేయి. అందుకని మధ్యగదిలో ఒక సర్వరు కట్టేడు. నాలుగు డిస్కులు, బయటికి ఒకటే డిస్కులా కనబడతాయి. ప్రతి ఫొటోనీ అది అడ్డంగా ముక్కలు చేసి నాలుగింటి మీదా వరసగా పంచుతుంది. ఏ ఒక్క డిస్కు పోయినా మిగతా మూడూ కలిసి లెక్కగట్టి, పోయినదాన్ని తిరిగి తయారుచేస్తాయి. "ఇంక వీటికి చావు లేదు," అన్నాడు భార్య సూర్యకుమారితో.

రెండేళ్ళు పట్టింది అన్నీ ఎక్కించడానికి. ఎక్కించేక, బూజు నెగెటివులన్నీ పెరట్లో పోసి తగలబెట్టబోతుంటే సూర్యకుమారి అడ్డొచ్చింది.

"ఓ మూల పడుంటాయి కదండీ. తిండి పెట్టాలా, నీళ్ళు పెట్టాలా?"

"ఆ బూజు కెమెరాలకి కూడా అంటుకుంటుంది. నీకు తెలీదు," అని నిప్పంటించేడు.

రెండువేల ఏడు మే నెలలో సర్వరు మొరాయించడం మొదలెట్టింది. విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి పగిలి ఉన్నాయి. నిజానికి నెలరోజులుగా, కంప్యూటరు లేవగానే తెరమీద ఒక ఎర్ర గీత కనబడుతోంది. నాలుగో డిస్కు పక్కకి తప్పుకుందని దానర్థం. మిగతా మూడూ పనిచేస్తున్నాయి కదాని గంగాధరరావు రోజూ ఒక మీట నొక్కి దాన్ని దాటేస్తున్నాడు. రాజమండ్రి నించి కొత్త బోర్డు తెప్పించి, అమలాపురంలో కంప్యూటర్లు నేర్పే జ్ఞానప్రకాశానికి ఫోన్ చేసేడు.

"గంగాధరరావు గారూ, ఆదివారం నేనొస్తానండి. అందాకా డిస్కులు తగిలించకండి. మీ పాత బోర్డు లెక్క వేరు, కొత్తదాని లెక్క వేరు," అన్నాడు జ్ఞానప్రకాశం.

"ఆయ్, అలాగేనండి మాస్టారూ."

అది బుధవారం. గురువారం మధ్యాహ్నం భోంచేసి లేచేక గంగాధరరావుకి చెయ్యి ఊరుకోలేదు. నాలుగు తీగలు తగిలించడానికి అమలాపురం నించి మనిషి రావాలా అనుకున్నాడు. కొత్త బోర్డు బిగించి, డిస్కులు తగిలించి, మీట నొక్కేడు. తెరమీద నాలుగు డిస్కుల పేర్లూ కనబడ్డాయి. వీటిని కలపమంటావా అని అడిగింది. అవునన్నాడు. లోపలున్నవి చెరిగిపోతాయి, సరేనా అని అడిగింది. అలాంటి హెచ్చరికలు ఎన్ని చూళ్ళేదు! సరేనన్నాడు.

తెల్లగీత ఒకటి ఎడం నించి కుడికి పాకడం మొదలెట్టింది. పాత డిస్కుల్ని కలుపుకుంటోందనుకుని కుర్చీలో వెనక్కి వాలేడు. నాలుగు శాతం దాటేక, నాలుగో డిస్కు లోపల్నించి టక్కుటక్కుమని గోరుతో కొట్టినట్టు చప్పుడొచ్చింది. అప్పుడు తెరమీదున్న మాట మళ్ళీ చదివేడు. కలపడం కాదు, మొదట్నించీ తుడుస్తోంది. కుర్చీ తన్నేసి వెళ్ళి గోడలోంచి ప్లగ్గు పీకేసేడు.

సూర్యకుమారి వచ్చేసరికి ఆయన నేలమీద కూర్చుని ఉన్నాడు, చేతిలో ప్లగ్గు.

ఆదివారం జ్ఞానప్రకాశం వచ్చి, విన్నాడు. చీవాట్లు పెట్టలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది గంగాధరరావుకి. ముందుగా, బాగున్న మూడు డిస్కుల్నీ ఉన్నవున్నట్టు వేరే డిస్కుల్లోకి కాపీ తీసేరు. ఆ తరవాత, పాత బోర్డు ఏ డిస్కుని ముందు చదివేదో, ముక్క ఎంత వెడల్పో తెలుసుకోవాలి. రాసి పెట్టుకోలేదు. ఒక్కో వరసా పెట్టి, ఏదో ఫొటో తెరిచి చూడ్డమే.

పదకొండు రోజులు అలా చూసేరు. వరస తప్పినప్పుడల్లా ఒకళ్ళ నుదురు కింద ఇంకొకళ్ళ గెడ్డం వచ్చేది. పెళ్ళికూతురి కళ్ళ కింద ఎవరిదో తాతగారి మీసం. పోయినదాన్ని లెక్కగట్టడానికని సర్వరు రాసిపెట్టుకున్న ముక్కలైతే మరీ ఘోరం, ఇద్దరు ముగ్గురి మొహాలు ఒకదాని మీద ఒకటి పడి పొగలా కనిపించేవి. కాఫీ తెచ్చిన సూర్యకుమారి ఒకసారి తెరవైపు చూసి, గ్లాసులు అక్కడ పెట్టేసి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గదిలోకి రాలేదు.

పన్నెండోనాడు పొద్దున్న తాటిపాక పెళ్ళి ఒకటి గీతయినా లేకుండా తెరుచుకుంది. జ్ఞానప్రకాశం చప్పట్లు కొట్టేడు. వరసగా పెళ్ళిళ్ళన్నీ వచ్చేయి. గంగాధరరావు మాత్రం మొదటి ఫోల్డరు తెరవమన్నాడు. ఏమీ లేదు. తుడుపు మొదట్నించి మొదలైంది. ముందుగా భద్రం చేసినవే ముందుగా పోయేయి.

జ్ఞానప్రకాశం నాలుగో డిస్కు చేతిలోకి తీసుకుని అన్నాడు, "ఒక్క దారుందండి. చప్పుడు చేసిన డిస్కు రాయించుకోడానికి ఒప్పుకుని ఉండదు. దానిమీద పాత ముక్కలు అలాగే ఉండొచ్చు. ఫొటోలో నాలుగో వంతే అనుకోండి."

"దాన్ని తిప్పగలమా?"

"చల్లబెడితే కాసేపు తిరుగుతాయంటారు."

డిస్కుని పాలిథీన్ సంచిలో చుట్టి, సూర్యకుమారి ఫ్రిజ్‌లో మంచుగడ్డల అరలో పెట్టేరు. మర్నాడు తీసి తగిలిస్తే నలభై నిమిషాలు తిరిగింది. తరవాత గీపెట్టి ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు. ఆ నలభై నిమిషాల్లో తొమ్మిదిమంది వచ్చేరు, ముక్కలు ముక్కలుగా. ఒక పట్టీ మనిషి, మూడు పట్టీలు నలుపు.

జ్ఞానప్రకాశం వెళ్ళిపోయేక గంగాధరరావు పెరటి గుమ్మంలో కూర్చుని భార్యనడిగేడు. "తగలబెట్టొద్దన్నావు. ఒక్కమాటైనా అనవేం?"

"అంటే వస్తాయాండీ?" అంది సూర్యకుమారి. బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తలేదు.

జూన్ ఆఖర్న పెద్దింట్లమ్మ వచ్చింది. ఆవిడ భర్త ఆ ముప్ఫై ఒక్కమందిలో ఒకడు. తుఫాను నాటికి ఆవిడ కడుపుతో ఉంది. పుట్టిన పిల్లకిప్పుడు పదేళ్ళు.

"ఫొటో చెదపట్టిపోయిందండి బాబుగారూ. ఇంకోటి తియ్యండి. మా పిల్ల బళ్ళో పెట్టుకుంటానంటోంది."

గంగాధరరావు జరిగిందంతా చెప్పేడు. డిస్కులూ ముక్కలూ ఆవిడకేం అర్థమౌతాయి? "నా తప్పేనమ్మా. ఆగమన్నారు, నేను ఆగలేదు," అన్నాడు చివరికి. ఆవిడ భర్త ఆ తొమ్మిదిమందిలోనే ఉన్నాడు. ఆ ప్రింటు తీసి బల్లమీద పెట్టేడు.

పైన జుట్టు, నుదురు సగం. నలుపు. ఒక చెవి, దవడ కొస. నలుపు. కింద గళ్ళ చొక్కా కాలరు.

పెద్దింట్లమ్మ దాన్ని వెలుగులోకి పట్టుకుంది. "చొక్కా మా తమ్ముడిదండి. ఫొటోకని అడిగి తొడుక్కున్నాడారోజు," అంది. వేలితో నలుపు మీద రాసింది, అంటుకున్న మసేమో అన్నట్టు. "మొహం ఏదండీ?"

ఆవిడ ప్రింటు తిప్పి వెనకవైపు కూడా చూసింది.

"ఇదొద్దండి. గోడకెడితే పిల్ల జడుసుకుంటాది," అని బల్లమీద పెట్టేసి, కొంగు బిగించుకుని మెట్లు దిగింది. మెట్లు దిగేక ఆగి, "మీరైనా ఏం చేత్తారు లెండి," అంది. తిట్టినా బాగుండేది.

ఒక్కొక్కరూ ఇలా ఆశగా వచ్చి తన గుమ్మంలో వినడం కంటే తనే వెళ్ళి చెప్పడం న్యాయమనుకున్నాడు. మర్నాడు మలికిపురం మీదుగా బస్సెక్కి పల్లెపాలెం వెళ్ళేడు. ఇల్లిల్లూ తిరిగేడు, నాలుగు రోజులు. కొందరు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేరు. "మనిషే పోయేడు, బొమ్మెంత లెండి," అంది ఒకావిడ. ఇంకో ఇంట్లో, కొడుకుని పోగొట్టుకున్న ముసలాయన వల అల్లుతూ మొత్తం విని, "మా దగ్గరుంచితే చెద తింటాదని నీ దగ్గరుంచేం. నీకంటే చెదే నయం," అన్నాడు. గంగాధరరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఎవరింట్లో పాత ప్రింటు మిగిలి ఉంటే అది అడిగి, గుమ్మంలోనే వెలుగు చూసుకుని కెమెరాతో మళ్ళీ ఫొటో తీసుకున్నాడు. పసుపురంగుకి తిరిగినవి, మూల చిరిగినవి, బొట్టు పెట్టిపెట్టి నుదురు చెరిగినవి. అలా పద్నాలుగు దొరికేయి. మిగిలిన పదిహేడింటిలో ఆరింటికి డిస్కు నించి వచ్చిన పట్టీలున్నాయి, పదకొండింటికి అవీ లేవు. దొరికిన పద్నాలుగూ పెద్దవి చేసి, అద్దం కట్టించి, ఎవరివి వాళ్ళకి ఇచ్చి వచ్చేడు.

ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు స్టూడియో నడిపేడు. కానీ దాచడం మానేసేడు. ఎవరి ఫొటో తీసినా ప్రింటూ, సీడీ చేతిలో పెట్టి, "మీ దగ్గరే జాగ్రత్తపెట్టుకోండి. నా దగ్గరుంటుందనుకోకండి," అనేవాడు. ముసలితనంతో మనిషికి విసుగెక్కువైందని ఊళ్ళో అనుకునేవారు.