తెర తీయగానే నోరు జారింది

పోయిన నెల తిరుపతి మ్యూజియంలో కొత్తగా ఒక బుద్ధుడి రాతి విగ్రహం పెట్టారు. అది చూసి మనసుకు తోచింది చెప్పమని ఊళ్లో రకరకాల వాళ్లను పిలిచారు. మాది తిరుమల గుడిలో సేవ చేసే కుటుంబం కాబట్టి నన్నూ రమ్మన్నారు. చర్చిలో పాటలు పాడే మా పక్కింటి నర్సు మేరీ అక్క కూడా వచ్చింది. వేలూరు నుంచి ఒక బౌద్ధ భిక్షువు వచ్చారు.

'నిశ్శబ్దం' బోర్డు కింద అందరం బిగుసుకుని కూర్చున్నాం. మ్యూజియం ఆఫీసరమ్మ సర్రున తెర లాగింది. దీపాల వెలుగులో ఆ ముఖం కనబడగానే నా చేతులు తలమీదికి లేచాయి.

"గోవిందా!" అని అరిచేశాను.

అందరూ నావైపే చూశారు. భిక్షువుగారికి ఎంత కోపం వచ్చిందోనని చేతులు దించేశాను. అంతలో వెనకనుంచి "గోవిందా!" అని బదులొచ్చింది. చూస్తే మేరీ అక్క! గబుక్కున నోరు మూసుకుంది.

"నేనేం జేసేది? దినామూ డ్యూటీకి పోయే కొండ బస్సులో వింటాండాను గదా, దానంతటదే వచ్చేసినాది!"

భిక్షువుగారు పగలబడి నవ్వారు. "ఆమెకు దేవుడు కనిపించినాడు, నాకు గురువు. నీకెవరమ్మా?"

"పుట్టిన బిడ్డను తొలిసారి సూసుకునే తల్లి మాదిరి ఉండాది సామీ," అంది అక్క.

"కాదక్కా, నవ్వు ఆపుకుంటా ఉండాడు!" అన్నారొక లెక్కల మాస్టారు. ఇక అందరం ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాం. ఆఫీసరమ్మ నవ్వుతూ ఆ 'నిశ్శబ్దం' బోర్డును గోడవైపు తిప్పేసింది.

ఇప్పటికీ గుళ్లో తెర తీయగానే గోవిందా అంటాను. కానీ పక్కవాళ్లకు ఎవరు కనిపిస్తున్నారోనని ఓరకంట చూస్తున్నాను.