అమ్మకు రెండో బంతి

నాన్న పోయిన మరుసటి వేసవి సెలవులు అయిపోగానే అమ్మకు తిరువూరు బదిలీ అయింది. డెబ్భైల మొదట్లో మాట. అప్పటిదాకా మేం పెనుగొలనులో ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లే. నాన్న సైకిలు మీద వినగడప బడికి వెళ్ళొచ్చేవాడు. పచ్చకామెర్లు వచ్చి పదిహేను రోజుల్లో పోయాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, చెల్లికి నాలుగు.

పిల్లలిద్దర్నీ తన దగ్గర వదిలి వెళ్ళమని నాయనమ్మ అడిగింది. ఒంటరి ఆడమనిషివి, ఉద్యోగం చేసుకుంటూ వీళ్ళనెలా సాకుతావంది. అమ్మ వాదించలేదు. మా గౌన్లు తన చీరలతో కలిపి ఒకే ట్రంకు పెట్టెలో సర్దింది.

తిరువూరులో ఇల్లు దొరకడం కష్టమైంది. ముగ్గురూ ఆడవాళ్ళే, మగదిక్కు లేదు. మీరు ఏ కులం, మీరెవరు అని ఎవరైనా అడిగితే అమ్మ దాచకుండా చెప్పేది. చెప్పాక చాలామంది గది ఖాళీ లేదనేవాళ్ళు. చివరికి పత్తి వ్యాపారం చేసే ఒక సాయిబుగారు తన కొట్టు పక్కనున్న గది ఇచ్చారు. గోడ అవతల పత్తి బస్తాలుండేవి. అందుకని గదిలో పొయ్యి వెలిగించకూడదన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు. కిరసనాయిలు స్టవ్వు కూడా వద్దన్నారు. అమ్మ సరేనంది.

పొద్దున్నే సాయిబుగారి భార్య టీ పోసి ఇచ్చేది. ఆవిడను మేం చాచీ అని పిలిచేవాళ్ళం. మధ్యాహ్నం మెస్సు నుంచి క్యారేజీ నేరుగా బడికి వచ్చేది. రాత్రి భోజనానికి మాత్రం క్యారేజీ పంపేవాళ్ళు కాదు, మనమే వెళ్ళి తినాలి.

మెస్సు బస్టాండు వెనక సందులో ఉండేది. నడిపేది ఒక పెద్దావిడ. అందరూ మామ్మగారూ అనేవాళ్ళు. మీరెవరని అడగని మెస్సు మాకు ఆ ఊళ్ళో అదొక్కటే కనిపించింది. పొడుగాటి వసారాలో రెండు వరసలుగా పన్నెండు ఆకులు పట్టేవి. అందుకని రెండు బంతులు పెట్టేది ఆవిడ. మొదటిది ఆరున్నరకు, రెండోది ఏడూముప్పావుకు.

మొదటి రోజే అమ్మను అడిగింది. "ఏ బంతికొస్తారో ఇప్పుడే చెప్పేయండి టీచరమ్మా. దాన్నిబట్టి ఎసరు పెట్టుకోవాలి నేను. రోజుకోమాట అంటే కుదరదు."

అమ్మ మా ఇద్దరి వంకా చూసి, పిల్లలు నిద్ర ఆపుకోలేరండీ, మొదటి బంతికే వస్తామంది.

మొదటి బంతిలో ఎక్కువగా బస్సువాళ్ళుండేవాళ్ళు. విజయవాడ సర్వీసు ఎక్కాల్సిన డ్రైవర్లు, కండక్టర్లు, ఊరికి చేరాల్సిన ఒకరిద్దరు ముసలివాళ్ళు. ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. తల వంచుకుని గబగబా తిని లేచేవాళ్ళు. అమ్మ చెల్లిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టేది. అది ఒక ముద్ద నమలడానికి అర్ధగంట చేసేది. అది తినడం అయ్యేసరికి రెండో బంతివాళ్ళు వచ్చి అరుగు మీద నిలబడేవాళ్ళు. వాళ్ళు చూస్తుంటే అమ్మకు ముద్ద దిగేది కాదు. పప్పూ కూరా ఆకులో అలాగే ఉండగా అన్నంలో మజ్జిగ పోసుకుని నాలుగు ముద్దలు మింగి లేచేది. మొదటి రెండు నెలల్లోనే అమ్మ చిక్కిపోయింది. జాకెట్లు వదులైతే చాచీ దగ్గర కూర్చుని కుట్లు వేసుకుంది.

గదికి వచ్చాక అమ్మ మమ్మల్ని పడుకోబెట్టి బల్బు కింద పిల్లల నోట్సులు దిద్దుకునేది. పెనుగొలనులో అయితే ఆ వేళకు అమ్మా నాన్నా బడి కబుర్లు చెప్పుకుంటూ ఉండేవాళ్ళు. ఇక్కడ అమ్మతో మాట్లాడే పెద్దవాళ్ళు ఒక్కరూ లేరు. బళ్ళో మిగతా టీచర్లంతా మగవాళ్ళు. చాచీ మంచిదే గానీ చీకటి పడేసరికి తన ఇంటి పనిలో పడిపోయేది.

ఒకరోజు బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. అదే సాయంత్రం వాన. అమ్మ తడిసి వచ్చేసరికి ఏడు దాటింది. మేం మెస్సుకు వెళ్ళేసరికి మొదటి బంతి ఎత్తేశారు. మామ్మగారు విసుక్కోకుండా రెండో బంతిలో ఓ మూలకు మూడాకులు వేసింది.

రెండో బంతి వేరేలా ఉంది. బ్యాంకువాళ్ళిద్దరు, ఒక డ్రాయింగు మాస్టారు, వ్యవసాయ ఆఫీసు గుమాస్తా, ఇంకెవరెవరో. అందరూ తీరిగ్గా తింటున్నారు, మాట్లాడుకుంటున్నారు. అమ్మ పక్కన ఆసుపత్రి నర్సమ్మగారు కూర్చుంది. అమ్మకంటే పదేళ్ళు పెద్దది, పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం మేం వెళ్ళే చర్చిలో చివర కూర్చుని, ప్రార్థన అవగానే వెళ్ళిపోయే మనిషి. ఆ రాత్రి తనే పలకరించి, ఆసుపత్రిలో జరిగిన సంగతి ఒకటి చెప్పింది. ఒక రైతుకు మాత్రలిచ్చి రోజుకు మూడుసార్లు అన్నం తిన్నాక వేసుకోమన్నారట. ఆయన ఇంట్లో రెండు పూటలే వంట. అందుకని మూడో మాత్ర కోసం రోజూ వియ్యంకుడి ఇంటికి భోజనానికి వెళ్తున్నాడట. ఆ వియ్యంకుడే వచ్చి, ఈ మాత్రలు ఇంకెన్నాళ్ళు వాడాలండీ అని నర్సమ్మగారిని అడిగాడట.

అమ్మ నవ్వింది. పొలమారి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వగా నేను వినడం అదే మొదటిసారి. చెల్లి అప్పటికే నా భుజం మీద వాలి నిద్రపోయింది. దాని ఆకులో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. అమ్మ అది గమనించలేదు. తన ఆకులో అన్నీ తింది. రసం రెండోసారి పోయించుకుంది.

మర్నాడు మళ్ళీ మొదటి బంతి. మళ్ళీ ఒళ్ళో చెల్లి, మళ్ళీ నాలుగు మజ్జిగ ముద్దలు.

నేను మూడు రోజులు ఆలోచించాను. నాలుగోరోజు బడి వదలగానే ఒక్కదాన్నే మెస్సుకు వెళ్ళాను. మామ్మగారు వెనక దొడ్లో బియ్యం చెరుగుతోంది. ఇకమీదట నేనూ చెల్లీ మొదటి బంతికి వస్తాం, అమ్మ రెండో బంతికి వస్తుంది అని చెప్పాను.

ఆవిడ చేట ఆపింది. "మీ అమ్మే చెప్పమందా?"

"ఆఁ, అమ్మే చెప్పమంది."

ఇంటికొచ్చి అమ్మతో, పిల్లలంతా మొదటి బంతికి, పెద్దవాళ్ళు రెండో బంతికి రావాలని మామ్మగారు అన్నారని చెప్పాను. ఒక్క పూటలో ఇద్దరికి రెండు అబద్ధాలు చెప్పాను. అమ్మ చేతిలో ఎర్రసిరా పెన్నుతో చాలాసేపు నా మొహంలోకి చూసింది. చెల్లికి అన్నం పెట్టగలవా అని మాత్రం అడిగింది. పెడతానన్నాను.

ఆ సాయంత్రం అమ్మ మమ్మల్ని మెస్సు గుమ్మందాకా దిగబెట్టి వెనక్కి వెళ్ళింది. మేం ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. వడ్డించాక ప్రార్థన ఎవరు చెయ్యాలో తెలియక ఆగిపోయాను. రోజూ అమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదిపేది. నాకు మనసులో చెప్పుకోవడం రాదు. అందుకని చెల్లి చేతులు పట్టుకుని పైకే చెప్పాను. ఎదురుగా ఉన్న కండక్టరు ముద్ద ఎత్తబోయి ఆపాడు. నేను ఆమెన్ అనేదాకా అతని చెయ్యి అలాగే ఆకు మీద ఉంది. తర్వాత తన అప్పడం విరిచి సగం చెల్లి ఆకులో వేసి తినసాగాడు.

చెల్లి ప్రతి ముద్దకూ అమ్మ ఏదని అడిగేది. వస్తుందని చెప్పేదాన్ని. అది తినేలోపు అరుగు మీద జనం చేరేవాళ్ళు. వాళ్ళ చూపు నా వీపు మీద తగులుతుంటే నాకూ పప్పు తినబుద్ధయ్యేది కాదు, మజ్జిగ పోయించుకునేదాన్ని. మేం గదికి వచ్చేసరికి అమ్మ తల దువ్వుకుని గుమ్మంలో నిలబడి ఉండేది. మా తలల మీద చెయ్యి వేసి, తిన్నారా అని అడిగి, తను బయల్దేరేది. మేం లోపలికి, అమ్మ బయటికి. చెల్లి నిద్రపోయేది. చాచీ అప్పుడప్పుడూ గుమ్మంలోకి వచ్చి చూసిపోయేది. నేను తలుపు దగ్గర కూర్చుని సందు చివర అమ్మ చీర కనపడేదాకా చూస్తుండేదాన్ని. బస్టాండులో హారన్లు, గోడ అవతల పత్తి బస్తాల్లో ఎలుకల చప్పుడు. అమ్మ ఇప్పుడు నవ్వుతూ ఉంటుందని అనుకునేదాన్ని. అలా అనుకుంటే భయం కొంచెం తగ్గేది. కానీ ఏడుపు వచ్చేది. ఎందుకో తెలిసేది కాదు, ఏర్పాటు చేసింది నేనే కదా.

మొదట్లో అమ్మ తిరిగొచ్చి నర్సమ్మగారు చెప్పిన కబుర్లు నాకూ చెప్పేది. తర్వాత తర్వాత చెప్పడం మానేసింది. పెద్దవాళ్ళ మాటలేమో అనుకున్నాను.

అలా రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం మెస్సు నుంచి వచ్చాక చెల్లి తిన్నదంతా కక్కింది. ఒళ్ళు కాలుతోంది. అమ్మ అప్పుడే మెస్సుకు వెళ్ళింది. చాచీ దాన్ని ఒళ్ళో వేసుకుని, వెళ్ళి అమ్మను తీసుకురా బేటీ అంది. నేను పరుగెత్తాను.

వసారా కిటికీ దగ్గరికి వచ్చి ఆగిపోయాను. లోపల బ్యాంకువాళ్ళూ డ్రాయింగు మాస్టారూ ఏదో సినిమా గురించి మాట్లాడుకుంటూ నవ్వుతున్నారు. అమ్మ రెండో వరసలో చివర కూర్చుని ఉంది. నర్సమ్మగారు లేదు. అమ్మకూ పక్క మనిషికీ మధ్య రెండాకుల చోటు వదిలారు. ఒంటరి ఆడమనిషి పక్కన మగవాళ్ళు అలా ఎడంగా కూర్చోవడం మర్యాద అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం అమ్మను ఎవరో వెలేసినట్టు అనిపించింది. అమ్మ తల ఎత్తకుండా పులుసులోంచి కరివేపాకులు తీసి ఆకు అంచున ఒక్కొక్కటే పెడుతోంది. ఎవరూ ఆవిడతో మాట్లాడటం లేదు. ఆవిడా ఎవరి వంకా చూడటం లేదు. వడ్డించే మనిషి వస్తే చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

నేను పిలిచాక తలెత్తింది. నా మొహం చూసి చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చింది. చెల్లికి జ్వరం అని చెప్పాను.

దారిలో అమ్మ వేగంగా నడుస్తుంటే పక్కన పరుగెత్తుతూ నర్సమ్మగారేరని అడిగాను. బదిలీ మీద నూజివీడు వెళ్ళిపోయిందట. వెళ్ళి నెల దాటిందట. చర్చిలో ఎప్పుడూ చివర కూర్చునే మనిషి, కనబడకపోయినా నేను గమనించలేదు.

నాకు ఇంక దాచడం చేతకాలేదు. "మామ్మగారు అలా అనలేదమ్మా. నేనే కల్పించి చెప్పాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. మామ్మగారిని అడిగాను."

"మరి ఎందుకు వెళ్ళావు?"

అమ్మ నడక తగ్గించింది. "నాకు వెళ్ళాలనిపించింది. నర్సమ్మగారు ఉన్నన్నాళ్ళూ ఆ గంట కోసం పొద్దున్నుంచీ చూసేదాన్ని. ఆవిడ వెళ్ళాక నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. అంత ఆలోచించి చేశావు కదా, నువ్వు."

అమ్మ అంత మాట నాతో అనడం అదే మొదటిసారి. చిన్నపిల్లతో చెప్పే మాట కాదని ఆవిడకూ తెలుసేమో, తర్వాత ఎప్పుడూ దాని ఊసెత్తలేదు.

చెల్లి జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. ఆ తర్వాత ముగ్గురం మళ్ళీ మొదటి బంతికి వెళ్ళాం. ఏ బంతికని మామ్మగారు మమ్మల్ని ఇంక అడగలేదు. రెండో బంతివాళ్ళు అరుగు మీదికి వస్తే మాత్రం వీధి తలుపు దగ్గరగా వేసేది. అమ్మ పప్పుతో రెండు ముద్దలైనా తినగలిగేది.

మరుసటి వేసవిలో బడి దగ్గర వంటిల్లున్న రెండు గదుల ఇల్లు దొరికింది. చాచీ కళ్ళు తుడుచుకుంటూ మా ట్రంకు పెట్టెకు ఓ చివర తను పట్టుకుని వీధి మలుపు దాకా వచ్చింది. కొత్త ఇంట్లో మొదటి సాయంత్రం అమ్మ అన్నం, దోసకాయ పప్పు వండింది. నన్నూ చెల్లినీ పీటల మీద కూర్చోబెట్టి వడ్డించింది. తను కూర్చోలేదు. మాకు మారు వడ్డిస్తూ, చెల్లి మూతి తుడుస్తూ తిరుగుతూనే ఉంది. మేం తిని చేతులు కడుక్కున్నాక, చెల్లి పడుకున్నాక, గిన్నెలన్నీ దగ్గరికి లాక్కుని పొయ్యి పక్కన ఒక్కతే పళ్ళెం ముందు కూర్చుంది.

నేను నా పళ్ళెం కడిగి తెచ్చుకుని అమ్మకు ఎదురుగా కూర్చున్నాను. ఆకలి తీరలేదా అని అడిగింది. లేదన్నాను. అమ్మ తన పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి నా పళ్ళెంలో పెట్టింది. కడుపు నిండుగా ఉన్నా మెల్లగా, అమ్మ తినడం అయ్యేదాకా తిన్నాను.